“నాన్న వద్దు”: మాట ఆలస్యమైన ఒక తెలుగు పిల్లవాడి కేసు

వాళ్లు నా స్పీచ్ థెరపీ క్లినిక్‌కి వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటింది. బెంగళూరు మారతహళ్లి దగ్గర ట్రాఫిక్‌లో ముప్పావు గంట ఇరుక్కున్నారట. తండ్రి చేతిలో ఫైలు, అందులో పుట్టినప్పటి కాగితాలు, టీకాల కార్డు, ప్లేస్కూల్ వాళ్లు రాసిచ్చిన ఒక పేజీ నోటు. తల్లి కూర్చుంటూనే “ఇరవయ్యారు నెలలు మేడమ్, పది మాటలు కూడా లేవు” అంది. ఆ మాట అంటుంటే గొంతు వణికింది.

పిల్లవాడు ఇదేమీ పట్టించుకోలేదు. నేల మీదున్న బొమ్మల బుట్ట దగ్గరికి నేరుగా వెళ్లాడు. మూత రాలేదు. నా వైపు తిరిగి, మూత మీద వేలు పెట్టి “ఊఁ” అన్నాడు. నేను కావాలనే కదలలేదు. నా ముఖం చూశాడు, మూత చూశాడు, మళ్లీ నా ముఖం చూసి గట్టిగా “ఊఁ!” అన్నాడు.

ఆ వేలు, ఆ చూపు చూశాక నాకు సగం టెన్షన్ తగ్గింది. తనకు కావాల్సినదాన్ని ఎదుటి మనిషికి చూపించి, ఆ మనిషి చూస్తున్నారో లేదో సరిచూసుకునే బిడ్డకి మాట్లాడాలన్న కోరిక ఉంది. మాటలు ఆ కోరిక మీదే నిలబడతాయి.

ఈ పిల్లవాణ్ణి చిన్నూ అని రాస్తున్నాను. అసలు పేరు అది కాదు. గుర్తుపట్టే వివరాలు మార్చాను, తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాను. బెంగళూరు తూర్పు వైపు పన్నెండేళ్లుగా స్పీచ్ థెరపీ చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఎక్కువ. ఇలాంటి కేసు ఏడాదికి పది, పదిహేను వస్తాయి. వాటిలో దీన్ని ఎంచుకుని రాయడానికి కారణం, ఈ పిల్లవాడి ఒక్క మాటని అందరం తప్పుగా విన్నాం. కొన్నాళ్లు నేను కూడా.

ఇంట్లో వాళ్లు చెప్పింది

తండ్రిది అనంతపురం, తల్లిది ఒంగోలు వైపు. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. చిన్నూ నెలలు నిండి పుట్టాడు, పుట్టగానే ఏడ్చాడు, అప్పుడు చేసిన చెవి స్క్రీనింగ్‌లో ఇబ్బందేమీ రాలేదు. మూడో నెలలో ఉంగాలు, ఎనిమిదో నెలలో బాబాబా, దాదాదా. పదమూడో నెలలో నడిచాడు. ఏడాది దాటిన కొత్తలో అమ్మ, తాత, బువ్వ అన్నాడు. అక్కడి దాకా అంతా బాగానే ఉంది. ఏడాదిన్నరప్పుడు పూట బడిలాగా ఒక ప్లేస్కూల్లో వేశారు. అక్కణ్ణుంచి నెలకో జలుబు. మాటలు పెరగలేదు.

రెండు నెలలు గడిచాక ప్లేస్కూల్ నోటు వచ్చింది. ఇంట్లో తెలుగు, ఆయా దగ్గర కన్నడ, బడిలో ఇంగ్లీష్ వినడం వల్ల పిల్లవాడు కన్ఫ్యూజ్ అవుతున్నాడు, కాబట్టి ఇంట్లో ఇంగ్లీష్ ఒక్కటే మాట్లాడండి అని దాని సారాంశం. వాళ్లు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు. ఆరు నెలలు.

“ఆరు నెలలు ఏం మాట్లాడారు వాడితో?” అని అడిగాను.

తల్లి కాసేపు ఆలోచించింది. “కమ్, సిట్, ఈట్, నో నో, వాట్ కలర్ ఈజ్ దిస్... ఇవే మేడమ్. నాకు ఆఫీసు ఇంగ్లీషు వచ్చు గానీ, పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఇంగ్లీషులో ఏం మాట్లాడతారో నాకు తెలియదు” అంది.

నా నోట్సులో ఆ రోజు ఆ మాట కింద రెండు గీతలు గీసుకున్నాను. రెండు మూడు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. ప్రపంచంలో కోట్లమంది పిల్లలు అలాగే పెరుగుతున్నారు, మన సరిహద్దు జిల్లాల్లో తరతరాలుగా పెరిగారు. కానీ తల్లి నోట్లోంచి ఆమె సొంత భాష తీసేస్తే, బిడ్డకి చేరే మాటలు ఎండిపోతాయి. స్నానం చేయిస్తూ, అన్నం కలుపుతూ, “అయ్యో, కాకి ఎగిరిపోయింది చూడు, మళ్లీ వస్తుందిలే” అని అలవోకగా వచ్చే మాటల ధార ఆగిపోయి, దాని స్థానంలో పది ఆజ్ఞలు మిగిలాయి.

తండ్రి ఒక మంచి ప్రశ్న అడిగాడు. “మాటలే రాని వాడికి ఏ భాష అయితే ఏముందండీ?” మాటలు రాకముందే చెవికి భాష వచ్చేస్తుందని చెప్పాను. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. ఇంగ్లీష్ ఇళ్లలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని త, ట శబ్దాల తేడాని పట్టుకోగలిగారు. పది నుంచి పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది. తమ చుట్టూ వినబడే భాషకి ఏ తేడాలు అవసరమో వాటినే చెవి ఉంచుకుంది. అంటే మొదటి పుట్టినరోజు నాటికే చిన్నూ చెవి తాతకీ టాటాకీ తేడా తెలిసిన తెలుగు చెవి. కన్నడకీ ఆ తేడా ఉంది కాబట్టి ఆయా మాటలు కూడా దానికి కొత్త కాదు. ఆ చెవికి పట్టిన భాషని పక్కనపెట్టి, తల్లిదండ్రులకే ఒళ్లోకి రాని భాషతో మొదలుపెట్టమనడం అన్యాయం. ఆ నోటు రాసినవాళ్లది చెడు ఉద్దేశం కాదని తెలుసు. అయినా ఇలాంటి నోటు చూసిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది.

ఫోన్లో అమ్మమ్మ “వస పోశారా లేదా?” అని అడుగుతోందట. ఎక్కువ మాట్లాడే పిల్లల్ని వసపిట్ట అని ముద్దుగా పిలుచుకునే మనకి ఆ ప్రశ్న రావడం సహజం. వసకొమ్ము వల్ల మాటలు వస్తాయనడానికి ఆధారం లేదు, పొయ్యొద్దని చెప్పాను. ఏడాది లోపు బిడ్డలకి దాన్ని తేనెలో అరగదీసి నాకిస్తారు కొందరు. ఆ వయసులో తేనె ప్రమాదం. ఇంకెవరో బంధువు నాలుక కింది తీగ కోయించమన్నారు. నాలుక ఎత్తి చూశాను, బాగానే ఆడుతోంది. తీగ బిగుతుగా ఉంటే పాలు తాగడంలో ఇబ్బంది రావచ్చు, కొన్ని శబ్దాలు పలకడం కష్టం కావచ్చు. అసలు మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

ముందు చెవులు

మాట ఆలస్యమైన ఏ బిడ్డకైనా మొదట చూడాల్సింది వినికిడి. “పిలిస్తే పలుకుతాడు, చాక్లెట్ కవర్ చప్పుడుకి పరిగెత్తుకొస్తాడు” అని తల్లిదండ్రులు చెప్పేది నిజమే, కానీ అది చాలదు. పుట్టినప్పుడు పాస్ అయిన స్క్రీనింగ్ కూడా చాలదు, ఎందుకంటే తర్వాత వచ్చే సమస్యలు అందులో ఎలా తెలుస్తాయి?

చిన్నూకి టింపానోమెట్రీ, అంటే కర్ణభేరి ఎంత కదులుతోందో కొలిచే పరీక్ష, చేయిస్తే రెండు చెవులకీ గీత చదునుగా వచ్చింది. అంటే కర్ణభేరి వెనక నీరు చేరింది. జలుబుల తర్వాత చిన్నపిల్లల్లో ఇది చాలా మామూలు, నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. స్పీకర్ల గదిలో కూర్చోబెట్టి చూస్తే దాదాపు 30 డెసిబెల్స్ దగ్గర గానీ స్పందించలేదు. అంటే చెవుల్లో వేళ్లు పెట్టుకుని వింటున్నట్టు. టీవీ వినబడుతుంది, గట్టిగా పిలిస్తే వినబడుతుంది. వంటింట్లోంచి మామూలుగా అన్న మాటలో చివరి ముక్క జారిపోతుంది. తెలుగుకి ఆ చివరి ముక్కే ప్రాణం. అమ్మకి, అమ్మతో, అమ్మలో అన్నప్పుడు తేడా అంతా మాట తోకలోనే ఉంది కదా.

ఇ.ఎన్.టి. డాక్టరు మూడు నెలలు ఆగి మళ్లీ చూద్దామన్నారు. ఈ నీరు చాలామంది పిల్లల్లో దానంతట అదే తగ్గుతుంది కాబట్టి అది సరైన సలహా. ఆ మూడు నెలలూ దగ్గరగా వచ్చి, ముఖం కనబడేలా కూర్చుని మాట్లాడండి అని నేను కలిపాను.

ఆటిజం గురించిన భయం కూడా వాళ్ల మనసులో ఉంది, పైకి అనలేదంతే. 16 నుంచి 30 నెలల పిల్లలకి వాడే 20 ప్రశ్నల ఎం-చాట్ అనే స్క్రీనింగ్ ఫారం నింపించాను. ఆటలో కూడా చూశాను. ఖాళీ కప్పులో చెంచా తిప్పి నాకు “టీ” ఇచ్చాడు, నేను ఊదుకుంటూ తాగినట్టు చేస్తే నవ్వాడు. “చెప్పులు తీసుకెళ్లి నాన్నకి ఇవ్వు” అంటే, ఏ సైగా చెయ్యకపోయినా, తీసుకెళ్లి ఇచ్చాడు. ఆటిజం అనుమానించడానికి నాకేమీ కనబడలేదు. అర్థం చేసుకోవడం వయసుకి కొంచెం అటూ ఇటూగా ఉంది, పలకడం బాగా వెనకబడింది. రెండేళ్లకి 50 మాటలు లేకపోయినా, రెండు మాటలు కలపకపోయినా మేం లేట్ టాకర్ అంటాం. రెండేళ్ల పిల్లల్లో దాదాపు 10 నుంచి 15 శాతం ఇలా ఉంటారు. చాలామంది తర్వాత అందుకుంటారు, కొందరు అందుకోరు. ఎవరు ఏ గుంపులో పడతారో ముందే తేల్చి చెప్పలేం. అందుకే “మగపిల్లలకి ఆలస్యమేలే, ఆగండి” అన్న మాట నేను అనను. మగపిల్లలు సగటున కాస్త వెనకే, కానీ ఆ తేడా ఒకటి రెండు నెలలదే.

ఆయా చెప్పిన పదమూడు మాటలు

ఇక్కడ నా పొరపాటు ఒకటి. మొదటి రోజు మాటల లిస్టు తల్లి చెప్పగా రాసుకున్నాను. అమ్మ, తాత, బువ్వ, టాటా, కారు, కాకిని “తాతి” అనడం, బాల్, నో, బై. తొమ్మిది. పగలు తొమ్మిది గంటలు పిల్లవాడు ఎవరి దగ్గర ఉంటాడో అడిగి కూడా, ఆ మనిషిని పిలిపించాలని తోచలేదు.

రెండో విడతకి తల్లికి మీటింగ్ పడి, ఆయా తీసుకొచ్చింది. ఉత్తర కర్ణాటక ఆవిడ, ఇంట్లో అందరూ అక్క అని పిలుస్తారు. కుర్చీలో కూర్చోమంటే మొహమాటపడింది. నాకొచ్చిన కన్నడలో “వీడు నీతో ఏమేం అంటాడు?” అని అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బా (రా). బేడ (వద్దు). కొడు (ఇవ్వు). హాలు (పాలు). నీరు. నాయి (కుక్క). వేడిదాన్ని చూస్తే “బిచి”. పని అయిపోతే “ఆతు”. ఆవిడ ఊళ్లో “ఆయ్తు”ని అలాగే అంటారు, వాడూ అచ్చం అలాగే అంటున్నాడు. మొత్తం పదమూడు.

తల్లికి ఫోన్ చేసి చెబితే నమ్మలేదు. “బేడ అనడం విన్నాను మేడమ్, ఊరికే శబ్దం చేస్తున్నాడనుకున్నాను” అంది.

తొమ్మిదీ పదమూడూ కలిపితే ఇరవై రెండు. యాభైకి ఇంకా చాలా దూరమే, కాబట్టి లేట్ టాకర్ అన్న మాట మారలేదు. కానీ తొమ్మిది మాటల పిల్లవాడికి వేసే ప్రణాళిక వేరు, ఇరవై రెండు మాటల పిల్లవాడికి వేసేది వేరు. రెండు భాషల బిడ్డ మాటల్ని ఒక భాషలో లెక్కపెడితే ఎప్పుడూ తక్కువే వస్తుంది. అన్ని భాషల్లోనూ కలిపి లెక్కపెట్టాలి. ఇంట్లో పనిచేసేవాళ్లనీ తాతల్నీ అమ్మమ్మల్నీ అడగకుండా నేనిప్పుడు ఏ లిస్టూ మూసెయ్యను.

పాలు వద్దు

ఇంట్లో తెలుగు మళ్లీ మొదలైంది. ఐదో వారంలో చిన్నూ తన మొదటి రెండు మాటల వాక్యం అన్నాడు. అది “నాన్న వద్దు”.

సంతోషించాల్సిన రోజు. తండ్రి ముఖం మాత్రం వాడిపోయింది. “రోజూ అదే మాటండీ. నేను ఆఫీసులో ఉంటే కూడా అంటున్నాడట. వాడికి నేను అక్కర్లేదు” అన్నాడు. రాత్రి స్నానం చేయించడం ఆయన పని, దాన్ని కూడా భార్యకి వదిలేశాడు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. రెండేళ్ల పిల్లలకి ఒక్కోసారి తల్లి మీద పంతం పెరుగుతుంది, కొన్నాళ్లు ఓపిక పట్టండి అని ధైర్యం చెప్పి పంపాను. అది తప్పు ధైర్యం.

మరుసటి వారం తల్లి ఫోన్లో ఒక వీడియో చూపించింది. అడిగింది వేరే సంగతి, వాడి ఏడుపు గురించి. వీడియోలో చిన్నూ స్టీలు గ్లాసు బోర్లించి నేలకేసి కొడుతున్నాడు. ఒక చుక్క కూడా లేదు. కళ్లనిండా నీళ్లు. “పాలు వద్దు! పాలు వద్దు!” తల్లి గొంతు వెనకనుంచి, “వద్దంటే ఎందుకు నాన్నా ఏడుపు? సరే, తీసేస్తా” అని గ్లాసు తీసేసింది. ఏడుపు రెట్టింపైంది.

ఆ వీడియో మూడుసార్లు చూశాను. పాలు వద్దన్న పిల్లవాడు ఖాళీ గ్లాసు బోర్లించి ఏడవడు. వాడు చెబుతున్నది పాలు లేవని.

“నాన్న వద్దు అని ఎప్పుడంటాడు? ఆయన ఎదురుగా ఉన్నప్పుడా, వెళ్లాకా?” అని అడిగాను. ఆమె నోరు తెరిచి ఆగిపోయింది. “వెళ్లాకే మేడమ్. తలుపు దగ్గర నిలబడి అంటాడు.”

నాన్న లేడు. వాడు ఇన్నాళ్లూ చెబుతున్నది అది. తండ్రి కోసం తలుపు దగ్గర నిలబడి, ఆయన లేడని అందరికీ చెబుతున్నాడు.

ఇందులో వింతేమీ లేదు. 1970లో లోయిస్ బ్లూమ్ అనే పరిశోధకురాలు ముగ్గురు అమెరికన్ పిల్లల మాటల్ని పరిశీలించి, వాళ్లు “నో” అన్నప్పుడు అందులో మూడు వేర్వేరు భావాలు ఉన్నాయని విడదీసింది. వస్తువు లేకపోవడం ఒకటి, అక్కర్లేదని తోసెయ్యడం ఒకటి, అన్నదాన్ని ఖండించడం ఒకటి. ఇంగ్లీష్ పిల్లలకి మూడింటికీ ఒక్క మాట సరిపోతుంది. తెలుగు బిడ్డకి సరిపోదు. లేదు, వద్దు, కాదు అని మూడు పెట్టెలు, ఏది ఏ పెట్టెలో పడుతుందో తేల్చుకోవాలి. పైగా “లేదు” ఒక్క రూపంలో ఊరుకోదు. నాన్న లేడు, పాలు లేవు, నేను లేను. మూడేళ్లలోపు మన పిల్లలు ఇంత పని ఎవరూ నేర్పకుండా చేసుకుంటారు. ఎన్నేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నా నాకిది ఆశ్చర్యమే.

చిన్నూకి ఎందుకు కలగాపులగం అయింది? ఇది నా అంచనా. ఆరు నెలలు ఇంట్లో “నో” ఒక్కటే విన్నాడు. పాలు అయిపోయినా నో, స్విచ్ ముట్టుకున్నా నో. తెలుగు తిరిగొచ్చాక ఆ “నో” స్థానంలోకి ఎక్కువగా వినబడే మాట వచ్చి కూర్చుంది. మా గదిలో తల్లీకొడుకులు ఆడుకున్న పది నిమిషాల రికార్డింగ్ వెనక్కి తిప్పి విన్నాను. తల్లి “వద్దు” 14 సార్లు అంది. “లేదు” ఒక్కసారి కూడా అనలేదు. అదే పిల్లవాడు అక్క దగ్గర తోసెయ్యడానికి “బేడ”, అయిపోయినదానికి “ఆతు” అని చక్కగా విడివిడిగా వాడుతున్నాడు. భావాలు వాడి తలలో స్పష్టంగానే ఉన్నాయి. తెలుగులో ఒక మాట అందలేదంతే.

ఆ సాయంత్రం తండ్రికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “ఈ రోజు స్నానం నేనే చేయిస్తానండీ” అన్నాడు.

మేం చేసిన పని

థెరపీ అంటే వారానికి రెండు గంటలు నా గదిలో జరిగేదని చాలామంది అనుకుంటారు. ఈ వయసులో అసలు థెరపీ ఇంట్లోనే జరగాలి. నేను చేసింది ఎక్కువగా పెద్దవాళ్లకి నేర్పడం.

మొదటిది ఆగడం. మాట అన్నాక, లేదా వాడు దేన్నయినా చూపించాక, మనసులో పది లెక్కపెట్టుకుని వాడి ముఖం చూస్తూ ఊరుకోవాలి. తల్లికి ఇది అన్నిటికన్నా కష్టమైంది. నాలుగు లెక్కపెట్టేసరికి తనే చెప్పేసేది. మూడో వారంలో ఒకసారి పెదవులు బిగబట్టుకుని పది దాకా ఆగింది. తొమ్మిది దగ్గర చిన్నూ “తీ” అన్నాడు, డబ్బా మూత తియ్యమని. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

రెండోది పరీక్షలు మానెయ్యడం. “ఇదేంటి? కాకి ఎలా అరుస్తుంది? ఆంటీకి చెప్పు” అని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరి ముందూ పిల్లవాణ్ణి నిలబెట్టే అలవాటు మనది. దాని బదులు వాడు చూస్తున్నదాని గురించే ఒక మాట చెప్పండన్నాను. వాడు “కారు” అంటే “కారు పోతోంది” అని ఒక్క మాట కలిపి తిరిగివ్వడం. అంతకన్నా ఎక్కువ వద్దు.

“లేదు” అన్న మాట వినిపించడం కోసం తండ్రి దాగుడుమూతలు మొదలుపెట్టాడు. కర్టెన్ వెనక్కి వెళ్లి “నాన్న లేడు... లేడు... నాన్న వచ్చాడు!” రోజుకి ఇరవైసార్లయినా. గ్లాసు ఖాళీ అయితే “పాలు లేవు” అని తల్లి. అక్కని కన్నడ మానొద్దని ప్రత్యేకంగా చెప్పాను. ఆవిడ తెలుగులో మాట్లాడటానికి ప్రయత్నిస్తోందట, నా కోసం.

ఫోన్లో రైమ్స్ ఆపించాను. అన్నం తినే ముప్పావు గంటా ఫోనే నడిచేది. 2003లో పట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి చైనీస్ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని పన్నెండు విడతలు ఆడుతూ మాట్లాడితే ఆ భాష శబ్దాల తేడా పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో చూపిస్తే ఏమీ నేర్చుకోలేదు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో చెప్పింది కూడా రెండేళ్లలోపు స్క్రీన్ వద్దని, రెండు దాటాక రోజుకి గంట మించొద్దని. బంధువులతో వీడియో కాల్‌కి మాత్రం మినహాయింపు ఉంది.

ఆ మినహాయింపుని మేం బాగా వాడుకున్నాం. రాత్రి ఎనిమిదింటికి ఒంగోలు నుంచి అమ్మమ్మ కాల్. ఆమెకి నేను నేర్పాల్సింది ఏమీ లేకపోయింది. కథ మొదలుపెట్టి, రెండు ముక్కలు చెప్పి ఆగి, “ఊ కొట్టరా అబ్బాయ్” అనేది. వాడు “ఊ” అనేదాకా కథ కదిలేది కాదు. నేను తల్లికి మూడు వారాలు నేర్పిన వంతుల పద్ధతి, ఆగి ఎదురుచూడటం, అంతా ఆ ఊ కొట్టడంలోనే ఉంది. ఇప్పుడు కొత్తగా వచ్చే కుటుంబాలకి నేను ఊ కొట్టించే కథతోనే మొదలుపెడుతున్నాను.

తర్వాతి నెలలు

మూడు నెలల తర్వాత కుడి చెవి బాగుపడింది. ఎడమది ఇంకో రెండు నెలలు తీసుకుంది, ఆపరేషన్ అవసరం రాలేదు. ఇరవై తొమ్మిదో నెలలో రెండు భాషలూ కలిపి డెబ్భై పైన మాటలు. ఎంత భాగం చెవి వల్ల, ఎంత భాగం ఇంటి మాట వల్ల అని నన్నడిగితే విడదీసి చెప్పలేను. రెండూ ఒకేసారి జరిగాయి. “నాన్న లేడు” మొదటిసారి వినబడినప్పుడు తండ్రి ఆఫీసులో ఉన్నాడు, తల్లి వాయిస్ మెసేజ్ పంపింది.

ముప్పై మూడో నెలలో “నేను బాల్ తేతాను” అన్నాడు. తల్లి దిద్దబోతే ఆపాను. ఇంట్లో ఎవరూ అలా అనరు. “తే” అన్నది విని, చేస్తాను, పోతాను లాంటివి విని, వాడే కట్టుకున్న మాట అది. “ఆఁ, తెస్తావా? తే” అని తిరిగిస్తే చాలు, కొన్నాళ్లకి తనే సరిచేసుకుంటాడు. సరిచేసుకున్నాడు కూడా.

ప్లేస్కూల్ మార్చారు. కొత్తచోట ఇంగ్లీషు ఉంది, ఇంట్లో ఏం మాట్లాడాలో మాత్రం చెప్పరు. ఖర్చు గురించి అడిగేవాళ్ల కోసం ఒక మాట: బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో స్పీచ్ థెరపీ విభాగం ఉంది, మైసూరులో 1965లో మొదలైన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది. రెండూ కేంద్ర ప్రభుత్వానివే. ప్రైవేటు క్లినిక్కే దిక్కనుకోవద్దు.

ఇప్పుడు చిన్నూకి మూడేళ్ల ఒక నెల. మూడు నాలుగు మాటల వాక్యాలు వస్తున్నాయి, జరిగిన సంగతి చెప్పమంటే ఇంకా తడబడతాడు. కాకి ఇంకా “తాతి”యే. ఈ వయసుకి క బదులు త పలకడం నన్ను అంతగా కంగారు పెట్టదు, మూడున్నరకి మళ్లీ చూస్తాను. జలుబు చేసినప్పుడల్లా చెవులు చూపించమని చెప్పాను. పోయిన గురువారం వచ్చినప్పుడు తండ్రి కారు పార్క్ చేసి రావడానికి వెనకబడ్డాడు. చిన్నూ బుట్ట మూత తనే తీసుకుని, నా వైపు చూసి, “నాన్న లేడు. కారు పెట్టి వత్తాడు” అన్నాడు.